వార్డులో మొదటి రోజుకు ముందు వచ్చే భయం గురించి

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నావు. వచ్చే సోమవారం నుంచి ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ వార్డులో నీ మొదటి పోస్టింగు. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదని, ల్యాబ్‌లో బొమ్మ మీద అన్నీ సరిగ్గా చేసిన చేతులు నిజమైన మనిషిని తలచుకుంటేనే వణుకుతున్నాయని రాశావు. రక్తం చూసి పడిపోతానేమో, సిస్టర్లు అందరి ముందు తిడతారేమో, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినందువల్ల కేస్ షీటు అర్థం కాదేమో అన్నావు. అన్నిటికన్నా ఎక్కువగా, నా వల్ల రోగికి ఏదైనా అవుతుందేమో అన్నావు. చివర్లో ‘ఇంత పిరికిదాన్ని ఈ చదువుకు తగనేమో, ఇప్పుడే మానేస్తే మంచిదా’ అని అడిగావు.

నేను 24 ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదట వార్డుల్లోనూ ఐసీయూలోనూ పనిచేశాను. గత కొన్నేళ్లుగా విద్యార్థులను వార్డుకు తీసుకువెళ్ళి నేర్పే పని చేస్తున్నాను. వయసులో నీకు చాలా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే అంటాను.

ముందు ఒక మాట సూటిగా చెప్పాలి. ‘నా వల్ల రోగికి ఏదైనా అవుతుందేమో’ అనే భయం నీలో ఉన్నందుకు నాకు సంతోషంగా ఉంది. ఆ భయం లేని విద్యార్థి వార్డులోకి వస్తే నేను ఆ విద్యార్థి పక్కనే నిలబడతాను, ఒక్క నిమిషం కూడా వదలను. వార్డులో రోగికి హాని చేసేది భయం కాదు. భయాన్ని దాచుకోవడం. రానిదాన్ని వచ్చినట్టు, చూడనిదాన్ని చూసినట్టు, వినపడనిదాన్ని వినపడినట్టు నటించడం. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్తాను. ఇది చెప్పడం నాకు ఈనాటికీ సులువు కాదు.

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి సంవత్సరంలో నన్ను ఒక పెద్ద ఆసుపత్రి ఆడవాళ్ల మెడికల్ వార్డులో వేశారు. నాలుగో రోజో ఐదో రోజో, ఉదయం పూట అందరి బీపీ చూసి రాయమన్నారు. అప్పట్లో పాదరసం గొట్టం ఉన్న బరువైన పెట్టెలు ఉండేవి. దాన్ని మోసుకుంటూ ఒక్కో మంచం దగ్గరకు వెళ్తున్నాను. ఒక మూల మంచంలో విరేచనాలతో రాత్రి చేరిన పెద్దావిడ ఉంది. పట్టీ కట్టాను, గాలి కొట్టాను, వదిలాను. ఏమీ వినిపించలేదు. మళ్ళీ చూశాను. వినిపించలేదు. మూడోసారి కూడా అంతే. ఆవిడ నన్ను చూస్తూ ఉంది. నాతో వచ్చిన ఇద్దరు అమ్మాయిలు తమ వైపు మంచాలు పూర్తిచేసి బల్ల దగ్గర నిలబడ్డారు. నేను చార్టు మీద 120/80 అని రాసి పక్క మంచానికి వెళ్ళిపోయాను.

అరగంట తర్వాత డ్యూటీ సిస్టర్ సెలైన్ మార్చడానికి వెళ్ళి, ఆవిడ చెయ్యి చల్లగా తగిలేసరికి మళ్ళీ బీపీ చూసింది. పై సంఖ్య 80 ఉంది. డాక్టరును పిలిచారు, సెలైన్ వేగం పెంచారు, మంచం కాళ్ల వైపు ఎత్తు చేశారు. సాయంత్రానికి ఆవిడ తేరుకుని మజ్జిగ తాగింది. అది ఆవిడ అదృష్టం, నా అదృష్టం. సిస్టర్ చార్టు పట్టుకుని నన్ను పక్కకు పిలిచి ‘ఇది నువ్వు చూసిందేనా’ అని అడిగింది. చాలాసేపు నోరు పెగల్లేదు. తర్వాత ‘వినిపించలేదు సిస్టర్’ అన్నాను. ఆమె అరవలేదు. ‘ఆ మాట అప్పుడే వచ్చి చెప్పి ఉంటే నేను వచ్చి చూసేదాన్ని కదా. నీకు వినిపించకపోవడానికి నీ చెవులు కారణం కాదు. బీపీ పడిపోయిన మనిషికి ఆ చప్పుడు సరిగా వినిపించదు’ అంది.

ఆ రోజు నాకు వినిపించకపోవడమే ఆ రోగి గురించిన అసలు సమాచారం. సిగ్గుపడి దాన్ని నేను దాచేశాను. అప్పటినుంచి నా విద్యార్థులకు మొదటి రోజు నేర్పేది పక్క దుప్పటి మూల మడవడం కాదు, ‘నాకు వినిపించలేదు, మీరు ఒకసారి చూస్తారా’ అనే వాక్యం. దాన్ని గట్టిగా పలికిస్తాను. కొంతమంది గొంతు దాటి రాదు. వచ్చేదాకా పలికిస్తాను.

ఇక నీ భయాలు ఒక్కొక్కటిగా చూద్దాం. మొదట ఈ పోస్టింగులో నీ చేతికి ఏ పనులు వస్తాయో తెలుసుకో. భయంలో సగం అది తెలియకపోవడం వల్లే వస్తుంది. 2021లో మారిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళిక ప్రకారం మొదటి సెమిస్టర్‌లో నర్సింగ్ ఫౌండేషన్ క్లినికల్, అంటే ఆ పాఠానికి వార్డులో చేసే శిక్షణ, 160 గంటలు. రెండో సెమిస్టర్‌లో 320 గంటలు. రోగికి మందులు ఇవ్వడం, ఇంజెక్షన్లు, స్నానం చేయించడం లాంటి పాఠాలు రెండో సెమిస్టర్‌లో ఉంటాయి. ఇప్పుడు నువ్వు చేయబోయేది రోగితో మాట్లాడటం, పక్క వేయడం, రోగిని సౌకర్యంగా పడుకోబెట్టడం, పక్కకు తిప్పడం, జ్వరం, నాడి, శ్వాస, బీపీ చూడటం, చేతుల శుభ్రత, పడిపోకుండా చూసుకోవడం. అది కూడా ట్యూటరు పక్కన ఉండగా. నువ్వు రాత్రిళ్లు మేలుకుని ఊహించుకుంటున్నది మాత్రం వార్డులో ఒక్కదానివే ఉన్నట్టు, ఒక మనిషి ప్రాణం నీ చేతిలో ఉన్నట్టు. సోమవారం అలాంటి పరిస్థితిలో నిన్ను ఎవరూ పెట్టరు, పెట్టకూడదు. ఎవరైనా హడావిడిలో ‘ఈ ఇంజెక్షన్ ఇచ్చెయ్’ అంటే, ‘నాకు ఇంకా నేర్పలేదు సిస్టర్, మా మేడమ్‌ను పిలుస్తాను’ అను. అలా అంటే మొండితనం కాదు, అదే నియమం.

బీపీ గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఎక్కువమందికి వినిపించకపోవడానికి కారణాలు చాలా చిన్నవి. స్టెతస్కోపు చెవి మొనలు వెనక్కి తిరిగి ఉంటాయి. అవి ముక్కు వైపుకు, అంటే ముందుకు వంగి ఉండాలి. రెండు వైపులా వాడే స్టెతస్కోపు అయితే పలక (డయాఫ్రమ్) వైపు మూసుకుపోయి గంట (బెల్) వైపు తెరిచి ఉంటుంది. పలకను వేలితో మెల్లగా తట్టి చూస్తే తెలిసిపోతుంది. మూడోది, పలకను మోచేతి మడత మధ్యలో పెట్టేస్తారు. రక్తనాళం నడిమికన్నా కాస్త లోపలికి, చిటికెన వేలి వైపు ఉంటుంది. ముందు రెండు వేళ్లతో అక్కడ నాడిని వెతికి, దొరికాకే పలక పెట్టు. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. చొక్కా చెయ్యి మీద పట్టీ కట్టవద్దు. చెయ్యి గుండె ఎత్తులో ఆనుకుని ఉండాలి, రోగి అప్పటికి ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని లేదా పడుకుని ఉండాలి.

మొదట స్టెతస్కోపు లేకుండా మణికట్టు నాడి మీద వేళ్లు పెట్టి గాలి కొట్టు. నాడి ఎక్కడ ఆగిందో చూసుకో. పూర్తిగా గాలి వదిలి, కాసేపు ఆగి, ఈసారి స్టెతస్కోపు పెట్టి, ఆ సంఖ్యకన్నా 30 ఎక్కువ దాకా కొట్టి, సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున, అంటే ఇంచుమించు ఒక గీత చొప్పున, నెమ్మదిగా దించు. మొదటి చప్పుడు పై సంఖ్య, చప్పుడు పూర్తిగా ఆగిన చోటు కింది సంఖ్య. తొందరపడి గాలి గబుక్కున వదిలేయడం వల్లనే చాలా చప్పుళ్లు తప్పిపోతాయి. ఒకే చెయ్యికి వరసగా నాలుగుసార్లు కొట్టవద్దు. రోగికి నొప్పి పుడుతుంది, నీకు సంఖ్య కూడా తప్పుగా వస్తుంది. రెండోసారికి కూడా రాకపోతే ఆగి పిలువు.

నాడి, శ్వాస ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం అలవాటు చేసుకోకు. లయ తప్పే నాడి ఆ పద్ధతిలో దొరకదు. శ్వాస లెక్కపెడుతున్నట్టు రోగికి తెలిస్తే శ్వాస తీరు మారిపోతుంది. నాడి చూడటం అయిపోయాక కూడా మణికట్టు వదలకుండా ఛాతీ వైపు చూస్తూ లెక్కపెట్టు. పెద్దవాళ్లకు నాడి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 అని నువ్వు పుస్తకంలో చదివే ఉంటావు. చేతి గడియారానికి సెకన్ల ముల్లు ఉండాలి. ఇది వినడానికి చిన్న విషయం, మొదటి రోజు సగం మంది మర్చిపోయేది ఇదే.

చేతుల వణుకు సంగతి. వణుకు పూర్తిగా ఆగాకే పని మొదలుపెడతానంటే ఎప్పటికీ మొదలుపెట్టలేవు. వణికే చేతికి ఆనుకునే చోటు కావాలి. ముంజేతిని మంచం అంచున, మణికట్టును పరుపు మీద ఆనించి పని చెయ్యి. రోగిని తాకేముందు చేతులకు హ్యాండ్ రబ్ (శానిటైజర్) రాసుకోవాలి కదా, అది సరిగ్గా చేయడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఆ సమయాన్ని నీ కోసం కూడా వాడుకో. రాసుకుంటున్నంతసేపూ ఊపిరి పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదులు. లోపలికి నాలుగు అంకెలు లెక్కపెడితే బయటికి ఆరు. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొనలు వరసగా రుద్దుతూ ఉంటే బుర్రలో ఉన్న వంద ఆలోచనలు కాసేపు ఆగుతాయి. ప్రతి మంచం దగ్గరా, తాకే ముందు, తాకిన తర్వాత, నీకు ఈ అరనిమిషం దొరుకుతూనే ఉంటుంది. నా విద్యార్థుల్లో ఎక్కువ భయపడేవాళ్లు తరచుగా చేతుల శుభ్రతలో అందరికన్నా ముందుంటారు.

రక్తం చూసి పడిపోవడం గురించి. ఇది పిరికితనం కాదు, శరీరం తీరు. మామూలు భయంలో గుండె వేగం, బీపీ పెరిగి పెరిగినట్టే ఉంటాయి. రక్తం, గాయం, సూది చూసినప్పుడు కొందరికి అవి ముందు పెరిగి, వెంటనే ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి స్పృహ తప్పుతుంది. ధైర్యం చెప్పుకుంటే ఆగేది కాదు ఇది. కండరాలను బిగిస్తే ఆగుతుంది. చేతులు, తొడలు, పిరుదుల కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించు. ముఖం వెచ్చబడినట్టు అనిపిస్తుంది. వదిలి, ఇరవై ముప్పై సెకన్లు ఆగి, మళ్ళీ బిగించు. అలా ఐదుసార్లు. ఇది ఈ రోజు నుంచే గదిలో కుర్చీలో కూర్చుని రోజుకు కొన్నిసార్లు అభ్యాసం చెయ్యి. అవసరమైన వేళకు శరీరానికి గుర్తుంటుంది.

పడిపోయే ముందు శరీరం చాలావరకు చెప్తుంది. చెమట పడుతుంది, ఆవలింతలు వస్తాయి, కడుపులో తిప్పుతుంది, చూపు మసకబారుతుంది, చప్పుళ్లు దూరం నుంచి వస్తున్నట్టు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఉన్నచోటే నేల మీద కూర్చో. ‘నాకు కళ్లు తిరుగుతున్నాయి’ అని పక్కనున్నవాళ్లకు చెప్పు. బయటికి వెళ్ళిపోదామని నడవవద్దు. గుమ్మం దగ్గర పడి తలకు దెబ్బ తగిలించుకున్న పిల్లలను చూశాను. డ్రెస్సింగ్ జరిగేటప్పుడు మోకాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడకు, కాళ్లు కొద్దిగా కదుపుతూ ఉండు. ముఖ్యంగా ఖాళీ కడుపుతో రాకు. హాస్టల్ మెస్‌లో టిఫిన్ ఏడింటికి, కాలేజీ బస్సు ఆరున్నరకు, ఇది చాలాచోట్ల ఉన్న కష్టమే. ముందురోజు రాత్రే రెండు అరటిపళ్లు, బిస్కెట్లు, మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకో. మొదటి వారంలో కళ్లు తిరిగిన విద్యార్థులను ‘పొద్దున ఏం తిన్నావు’ అని అడిగితే చాలావరకు ‘ఏమీ తినలేదు మేడమ్’ అనే సమాధానమే వచ్చింది.

వాసనల గురించి నువ్వు అడగలేదు గానీ, అవి కూడా కలవరపెడతాయి. మానని పుండు వాసన, వాంతి, మూత్రం. మాస్కు పెట్టుకుని నోటితో ఊపిరి తీసుకో. ముఖం చిట్లించకుండా ఉండటానికి ప్రయత్నించు. ఆ వాసన తన నుంచే వస్తోందని రోగికి తెలుసు. మన ముఖం వైపే చూస్తూ ఉంటారు.

తెలుగు మీడియం విషయంలో నీ ఆలోచన పూర్తిగా మార్చుకోవాలి. కేస్ షీటులో కనిపించే పొట్టి అక్షరాలు ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటే వారంలో వచ్చేస్తాయి. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే రాత్రి పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే, స్టాట్ అంటే ఇప్పుడే, ఎన్‌పీఓ అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. ఓడీ అంటే మామూలుగా రోజుకు ఒకసారి, కంటి వార్డులో అదే కుడికన్ను. అందుకే అనుమానం వస్తే ఊహించవద్దు, అడుగు. చేతిరాత అర్థం కాకపోతే అందులో నీ తప్పు ఏమీ లేదు. రాసినవాళ్లనే అడగాలి.

అయితే కేస్ షీటు ఇంగ్లీషులో ఉన్నా, మంచం మీద ఉన్న మనిషి తెలుగులో బాధపడుతున్నాడు. ‘గుండె బరువుగా ఉంది’, ‘ఎడమ చెయ్యి లాగుతోంది’, ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’, ‘అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి’, ‘పేగులు మెలిపెట్టినట్టుంది’ అంటారు. ఈ మాటల్లో ప్రతిదానికీ వేరే అర్థం ఉంది, వేరే తొందర ఉంది. అవి నీకు పుట్టుకతో వచ్చాయి. వేరే రాష్ట్రం నుంచి వచ్చి మన ఆసుపత్రుల్లో ఎంతో బాగా పనిచేసే సిస్టర్లు ఈ మాటలు పట్టుకోవడానికి ఏళ్లు కష్టపడతారు. ఒక ఉదాహరణ చెప్తాను. మనవాళ్లు ఛాతీ నొప్పిని చాలాసార్లు ‘గ్యాస్ పట్టేసిందమ్మా’ అంటారు. చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి తోడై ఉంటే అది గుండెపోటు కావచ్చు. ఎవరైనా గ్యాస్ అన్నారు కదా అని నువ్వు కూడా గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. రోగి అన్న మాటను అన్నట్టుగానే వెంటనే డ్యూటీ సిస్టర్‌కు చెప్పు. ఇంగ్లీషులో చెప్పాల్సిన పనే లేదు.

మొదటిసారి రోగి దగ్గరకు వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక చాలామంది మౌనంగా పట్టీ కట్టేస్తారు. ‘నమస్కారమమ్మా, నేను నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని. మీ బీపీ చూడవచ్చా? నేర్చుకుంటున్నాను, కాస్త సమయం పడుతుంది’ అని ఈ నాలుగు మాటలు చెప్పు. విద్యార్థినని చెప్పేస్తే వద్దంటారేమో అని నీ భయం. కొందరు వద్దంటారు. ఆ హక్కు వాళ్లకు ఉంది, ‘సరేనమ్మా’ అని వచ్చేసి మేడమ్‌కు చెప్పు. కానీ ఎక్కువమంది చెయ్యి చాపుతారు. ‘మా మనవరాలు కూడా నీ అంతే’ అంటూ ఊరూ పేరూ అడుగుతారు. మంచం నంబరుతో పిలవకు. తాతగారు, అమ్మమ్మ, అక్క, బాబాయి అని వాళ్ల వయసుకు తగినట్టు పిలువు. చార్టు రాసేముందు మాత్రం పేరు అడిగి సరిచూసుకో. పక్క పక్క మంచాల్లో ఒకే పేరున్న ఇద్దరు ఉండటం మన వార్డుల్లో మామూలే.

మగ రోగుల విషయంలో మొహమాటం గురించి కూడా రాశావు. సిగ్గుపడుతూ ఒక్క వాక్యంలో రాశావు. అది సహజం. పల్లెటూళ్లో పెరిగిన ఆడపిల్లకు పరాయి మగవాడి చొక్కా గుండీ విప్పడం మొదటిసారి ఎంత కష్టమో నాకు తెలుసు. మీ తరగతిలో చదివే అబ్బాయిలకు ఆడవాళ్ల వార్డులో ఇదే ఇబ్బంది, ఇంకా ఎక్కువ. రోగికి మనకన్నా ఎక్కువ సిగ్గుగా ఉంటుందన్నది గుర్తుపెట్టుకో. తెర లాగు. ఏం చేయబోతున్నావో ముందే చెప్పు. ఏ భాగంతో పని ఉందో అంతవరకే దుప్పటి తీయి, పని కాగానే కప్పేయి. రోగి మర్యాద కాపాడటం మీద దృష్టి పెడితే నీ సిగ్గు నెమ్మదిగా తగ్గుతుంది. ఇదంతా ఇలా ఉండగా, ఎవరైనా, రోగి అయినా అటెండెంటు అయినా సిబ్బంది అయినా, చెడు ఉద్దేశంతో తాకినా మాట్లాడినా అది నువ్వు ఓర్చుకోవలసిన శిక్షణలో భాగం కాదు. వెంటనే అక్కడి నుంచి వచ్చేసి ట్యూటరుకు చెప్పు. పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం కాలేజీలోనూ ఆసుపత్రిలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు.

తిట్లు. నిన్ను మభ్యపెట్టను, తిట్లు పడతాయి. ఉదయం ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ వాళ్లు అప్పగింతలు చెప్పి వెళ్తుంటారు, రౌండ్స్‌కు డాక్టర్లు వస్తారు, మందుల వేళ అవుతుంది, ఒక్కో సిస్టర్ చేతిలో వార్డులో సగం ఉంటుంది. ఆ సమయంలో ఇరవై మంది విద్యార్థులు గుంపుగా బల్ల చుట్టూ నిలబడితే విసుక్కుంటారు. ఆ గుంపులో నిలబడకు. నీకు ఇచ్చిన రోగి దగ్గర ఉండు. అడగాల్సినవి చీటీ మీద రాసుకుని, పది పదకొండు గంటల మధ్య కాస్త తెరిపి దొరికినప్పుడు ఒకేసారి అడుగు. రోగికి తేడాగా ఉంటే మాత్రం వేళ చూడవద్దు, రౌండ్స్ మధ్యలోనైనా వెళ్ళి చెప్పు. ‘ట్రే అలాగేనా పట్టుకునేది’ అని గట్టిగా అన్నప్పుడు, ఆ మాటలో ట్రే ఎలా పట్టుకోవాలో ఉంటుంది. దాన్ని తీసుకుని గొంతును అక్కడే వదిలేయడానికి ప్రయత్నించు. ఒక్కరోజులో రాదు. నాకు చాలాకాలం పట్టింది, ఆసుపత్రి మెట్ల కింద కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. కానీ నీ కులాన్నో, ఊరునో, రంగునో, తల్లిదండ్రులనో ఎత్తి మాట్లాడితే అది తప్పు దిద్దడం కాదు. దాన్ని మాత్రం మోసుకు తిరగకు, కాలేజీలో చెప్పు.

నీ రక్షణ గురించి కూడా చెప్పాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు ఉంటాయి, మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. నీవి ఎంతవరకు అయ్యాయో ఈ వారంలోనే కాలేజీలో అడుగు. నువ్వు ఇంజెక్షన్ ఇవ్వకపోయినా సూది గుచ్చుకునే అవకాశం ఉంది, పక్క వేసేటప్పుడు దుప్పటిలో ఎవరో మరిచిన సూది ఉండవచ్చు. దుప్పటిని చేత్తో తడిమి లాగకు, చూస్తూ నాలుగు మూలల నుంచి మడిచి తీయి. సూది కనిపిస్తే మూత పెట్టడానికి ప్రయత్నించవద్దు. మేడమ్‌ను పిలిస్తే సూది గుచ్చుకుని బయటికి రాని గట్టి తెల్ల డబ్బాలో వేయిస్తారు. ఒకవేళ గుచ్చుకుంటే ఆ చోటును సబ్బుతో, పారే నీళ్లతో కడుగు. పిండవద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు. ఆ నిమిషమే చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ఇక ఉపయోగం ఉండదు. తిడతారని రెండు రోజులు దాచిపెట్టిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. ఆమెకు ఏమీ కాలేదు గానీ, ఆ తర్వాత పరీక్షల ఫలితాల కోసం నెలల తరబడి ఆమె పడ్డ నరకం నాకు గుర్తుంది.

ముందురోజు రాత్రి ఎక్కువ చదవకు. గోళ్లు కత్తిరించుకో, యూనిఫారం ఇస్త్రీ చేసుకో, గాజులు, ఉంగరం తీసిపెట్టు. జారని బూట్లు, సెకన్ల ముల్లు గడియారం, నీలం నలుపు ఎరుపు పెన్నులు, జేబులో పట్టే పుస్తకం. అంతే.

మానేయాలా అని అడిగావు. వార్డు గుమ్మం కూడా దాటకముందు ఆ నిర్ణయం తీసుకోకు. ఈ సెమిస్టర్ పోస్టింగు పూర్తిచెయ్యి. అప్పటికి చేతుల వణుకు తగ్గినా మనసు ఈ పనిలో లేదనిపిస్తే మారడంలో ఏ చిన్నతనమూ లేదు, అప్పుడు ఇంట్లోవాళ్లతో మాట్లాడు. అయితే ఒకటి. పోస్టింగు మొదలై రెండు మూడు వారాలైనా నిద్ర రాకపోతే, తిండి సయించకపోతే, ఊపిరాడనట్టు గుండె దడ మళ్ళీ మళ్ళీ వస్తుంటే, లేదా బతకాలని లేదనిపిస్తే, అది ఓపిక పట్టాల్సిన భయం కాదు, చికిత్స ఉన్న బాధ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. రోగులకు మందు వేసుకోమని చెప్పేవాళ్లం మనం కూడా వైద్యం చేయించుకోవచ్చు.

ఈ ఆదివారం ఇంటికి వెళ్తున్నానని రాశావు. కాలేజీ అనుమతిస్తే బీపీ పట్టీ, స్టెతస్కోపు తీసుకువెళ్ళు. అమ్మను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద ఆనించి, పైన చెప్పినట్టు చూడు. నాన్నకూ చూడు, పక్కింటివాళ్లకూ చూడు. చప్పుడు వినిపిస్తే సంఖ్య రాసుకో. వినిపించకపోతే మనసులో అనుకుని ఊరుకోకుండా, వాళ్ల ముఖం చూసి పైకే చెప్పు: ‘వినిపించలేదమ్మా, మళ్ళీ చూస్తాను.’